పిల్లలకు లిమరిక్కులు: కాగితం తర్వాత, ముందు చప్పట్లు

ఈసారి కర్నూలు, అనంతపురం, కడప వైపుల నుంచి పిల్లల లిమరిక్కుల మీద చాలా ప్రశ్నలు వచ్చాయి. ఎక్కువమందికి పనికొచ్చే వాటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మా పాపకు నాలుగున్నరేళ్లు. లిమరిక్కులు చెప్పండి, పిల్లలకు మాట తిరుగుతుంది అని ఎవరో అన్నారు. అసలు లిమరిక్కు అంటే ఏంటి? ఈ వయసుకు తొందర కాదా? ఎట్లా మొదలుపెట్టాలి? (ఒక తల్లి, నంద్యాల)

జవాబు: లిమరిక్కు అంటే ఐదు పాదాల నవ్వుల పద్యం. ఒకటి, రెండు, ఐదు పాదాలు పొడుగ్గా ఉండి ఒకే ప్రాసతో ముగుస్తాయి. మధ్యలో వచ్చే మూడు, నాలుగు పాదాలు పొట్టివి, వాటికి వేరే ప్రాస. మొదటి పాదంలో ఎవరో ఒకరు, ఏదో ఒక ఊరు వస్తారు. రెండో పాదంలో వాళ్ల వింత బయటపడుతుంది. పొట్టి పాదాల్లో గొడవ చకచకా ముదిరి, ఐదో పాదంలో నవ్వు పేలుతుంది.

నాలుగున్నరేళ్లకు తొందరేమీ కాదు, కాకపోతే ఆ వయసులో రాయించకూడదు. మూడు నాలుగేళ్ల పిల్లలకు వినిపిస్తే చాలు. ఐదారేళ్లకు చివరి మాట వాళ్లే అందుకుంటారు. ఏడెనిమిదేళ్లప్పుడు తెలిసిన పద్యంలో ఊరు, జంతువు మార్చి చెప్పగలరు. సొంతంగా ఐదు పాదాలు కట్టడం తొమ్మిదేళ్లు దాటాక హాయిగా సాగుతుంది. మీ పాపకు ఇప్పుడు కావలసింది చెవి, చేతులు. పెన్సిలు జోలికి పోకండి.

దీనితో మొదలుపెట్టండి:

ఆదోనిలోన ఉండే తాత
ఊరంతా వినిపించే కూత
కోడికి సిగ్గు
తాతకు దగ్గు
పొద్దున లేస్తే ఒకటే మోత

చెమ్మచెక్క ఆడేటట్టు ఎదురెదురుగా కూర్చోండి. పొడుగు పాదానికి 4 చప్పట్లు, పొట్టి పాదానికి 2. మొత్తం 4, 4, 2, 2, 4 కలిపి 16. మొదటి పాదంలో చప్పట్లు ఆదో / నిలోన / ఉండే / తాత అని పడతాయి. మాట మధ్యలో చప్పట్టు పడిందని ఆగిపోవద్దు, పాట నడక అంతే. నాలుగో చప్పట్టు మాత్రం ప్రాస మాట మీదే పడాలి. 16 చప్పట్లూ పది పన్నెండు సెకన్లలో అయిపోవాలి. అంతకన్నా మెల్లగా చెప్తే పొట్టి పాదాల్లో ఉండే పరుగు పోతుంది, పిల్లలకు నవ్వు రాదు.

మూడు రోజులు మొత్తం మీరే చెప్పండి. నాలుగో రోజు చివరి మాట దగ్గర, ‘పొద్దున లేస్తే ఒకటే...’ అని ఆపి, చేతులు గాల్లోనే ఉంచి, పాప ముఖంలోకి చూడండి. రెండు మూడు సెకన్లు ఓపిక పట్టాలి. చాలామంది పెద్దలు అర సెకనుకే తామే చెప్పేస్తారు, అక్కడే ఆట చెడుతుంది. పాప ‘మోత’ అనకుండా ‘కూత’ అన్నా, ‘బోత’ అని లేని మాట ఒకటి పుట్టించినా ఒప్పుకోండి. ప్రాస చెవికి పట్టిందని దాని అర్థం. రోజుకు ఒకే పద్యం, మూడు నాలుగు సార్లు. వారమంతా అదే. పది పద్యాలు ఒక్కరోజే వినిపిస్తే ఒక్కటీ నిలవదు.

ప్రశ్న: ప్రాథమిక పాఠశాలలో నాలుగో తరగతి చెప్తాను. పిల్లలతో లిమరిక్కులు రాయించాను. ఐదు పాదాలూ రాస్తున్నారు, ప్రాస కూడా కలుపుతున్నారు. అయినా చదివితే పాటగా రావడం లేదు. ఒకటి పంపుతున్నాను. ఎక్కడ తప్పు? (ఒక టీచరు, అనంతపురం)

జవాబు: మీరు పంపిన పద్యం ఇది:

అనంతపురంలో ఒక పాప ఉంది
అది రోజూ బడికి పోతుంది
ఇడ్లీ తింటుంది
పాలు తాగుతుంది
సాయంత్రం ఇంటికి వస్తుంది

తెలుగులో లిమరిక్కు చెడిపోయేది ఎక్కువగా ఈ దారిలోనే. మన వాక్యం క్రియతో ముగుస్తుంది కాబట్టి ‘ఉంది, పోతుంది, వస్తుంది’ అని ఎంత దూరమైనా పోవచ్చు. ప్రాస ఉచితంగా వచ్చేసింది, అందుకే చెవికి దాని విలువ తెలియదు. పైగా ఐదు పాదాలకూ అదే ముగింపు వచ్చి, మధ్య పాదాలకు వేరే ప్రాస లేకుండా పోయింది. కథ మలుపు తిరిగే చోట చెవికి కూడా మలుపు వినపడాలి, ఇక్కడ అది లేదు. ఐదో పాదంలో వింత కూడా లేదు. పాప ఇంటికి రావడం రోజూ జరిగేదే కదా.

దీన్నే బాగు చేద్దాం. మొదట క్రియను పాదం లోపలికి తోసి, చివర పేరు పెట్టండి: ‘ఉండే చిట్టి’. ఇప్పుడు బోర్డు మీద చిట్టికి తోడు మాటలు రాయించండి: కట్టి, గట్టి, మట్టి, చట్టి, పొట్టి, ఒట్టి. ‘కట్టి’ అనగానే ఎవరో ఒకరు ‘పందెం కట్టి’ అంటారు. ఏం పందెం? దోసెల పందెం. అంత తిన్నాక బడి గంట మోగితే ఏమవుతుంది? కథ తనంతట తానే కదిలింది.

ఇక నడక. పొట్టి అక్షరానికి 1, దీర్ఘానికి 2, సున్నా ఉన్న అక్షరానికి 2, ఒత్తు అక్షరానికి ముందున్న అక్షరానికి 2 చొప్పున లెక్క వేయించండి. ఒక్కో చప్పట్టుకు 4 రావాలి. ‘అనంత’ సరిగ్గా 4. ‘పురంలో’ అంటే 1, 2, 2 కలిపి 5, ఒకటి ఎక్కువ. చదివేటప్పుడు పిల్లలు అక్కడే తడబడి ఉంటారు. ‘పురాన’ అనండి, 4కు దిగుతుంది. పాదం చివరి మాట ‘చిట్టి’కి 3 చాలు, మిగిలిన ఒకటి ఊపిరి తీసుకోవడానికి.

అనంతపురాన ఉండే చిట్టి
దోసెలు తిన్నది పందెం కట్టి
గంటే మోగె
నడకే ఆగె
దొర్లుతు వెళ్లెను బడికే చిట్టి

మొదటి పాదం చివరి మాట ఐదో పాదంలో మళ్లీ వచ్చినా ఫరవాలేదు, ఈ చిట్టి ఆ చిట్టి కాదు. ‘మోగె, ఆగె’ కూడా క్రియలే కదా అని మీ పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. తేడా ఏమిటంటే అక్కడ కలిసింది అందరికీ దొరికే ‘ఉంది’ తోక కాదు, కొన్ని మాటలకే ఉన్న ‘గె’ అక్షరం, దాని ముందు దీర్ఘం. క్రియ వాడొద్దని నియమం పెట్టకండి. ‘చివరి అక్షరమూ, దానికి ముందున్న అక్షరం బరువూ రెండూ కలవాలి’ అని చెప్పండి. ‘తాత, మోత, గీత’ కలుస్తాయి. ‘తాత, కత’ కలవవు, ఎందుకంటే ‘తా’ బరువు, ‘క’ తేలిక. ‘పిల్లి, పులి’ కలుస్తాయని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు పట్టుబడతారు. రెండూ గట్టిగా చెప్పించి చప్పట్టు కొట్టిస్తే తేడా వాళ్లకే తెలుస్తుంది. ప్రాసాక్షరానికి ముందు గురువు, అంటే బరువైన అక్షరం ఉంటే అన్ని పాదాల్లోనూ గురువే ఉండాలని మన ఛందస్సు చెప్పేది కూడా ఇదే.

ప్రశ్న: నా మనవరాలికి వేమన పద్యాలు నేర్పుతున్నాను. మన పద్యాలు ఇన్ని ఉండగా పరాయి దేశపు లిమరిక్కులు ఎందుకు? వాటివల్ల పద్యం మీద ఇష్టం పోదా? (ఒక తాతగారు, కడప)

జవాబు: వేమనను ఆపకండి. కదిరి దగ్గర కటారుపల్లెలో వేమన సమాధి ఉన్న సీమ ఇది. మీ కడపలోనే పనిచేసిన సి.పి. బ్రౌన్ 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించాడు. ఆ పద్యాలు మీ మనవరాలి నోట ఉండటం గొప్ప ఆస్తి, లిమరిక్కు వల్ల అది కరిగిపోదు. నిజానికి ఒకటి నేర్చిన చెవికి రెండోది తేలిక.

ఎట్లాగంటే, వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులే. ఆటవెలది రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి సూర్యగణాలు ఉంటాయి. సూర్యగణం గలమైనా (ఒక బరువు, ఒక తేలిక), నగణమైనా (మూడు తేలికలు) 3 మాత్రలే, అంటే ఇందాకటి అక్షరాల లెక్కలో 3. అంటే మీ మనవరాలు తెలియకుండానే తకిట, తకిట అని మూడు మూడుగా నడవడం నేర్చేసింది. ఆ నడకలోనే ఒక లిమరిక్కు చెప్పి చూడండి:

రాయచోటి ఎద్దు బండి
లాగమంటె ఎద్దు మొండి
ఎద్దు ఎక్కె
తాత మొక్కె
“కుడితి కాదు, దోసె తెండి!”

రాయ / చోటి / ఎద్దు / బండి, అన్నీ మూడేసి. తేడాలు కూడా చూపించండి. ఆటవెలదికి యతి (పాదం మొదటి అక్షరంతో మధ్యలో ఒక అక్షరం జత కలవడం) కావాలి, ప్రాస (పాదాల రెండో అక్షరం కలవడం) నియమం లేదు. లిమరిక్కుకు పాదాల చివర ప్రాస కావాలి, యతి అక్కర్లేదు. వేమన పద్యంలో చివరి పాదం మకుటం, ముందే తెలిసిన మాట. పిల్లలు ధైర్యంగా అందుకునేది అందుకే. లిమరిక్కులో చివరి పాదం ఎవరికీ తెలియని మాట. ఈ రెండు సుఖాలూ పిల్లలకు అందాలి.

పూర్తిగా పరాయిది అనడానికీ లేదు. శ్రీశ్రీ తెలుగులో లిమరిక్కులు రాశాడు. సిరిసిరిమువ్వలు, ప్రాసక్రీడలు, లిమరిక్కులు మూడూ కలిపి ఆయన ‘సిప్రాలి’ అని పేరు పెట్టిన పుస్తకంలో ఆ చివరి ‘లి’ వీటిదే. అయితే పెద్దల కోసం రాసినవి పిల్లల చేతికి యథాతథంగా ఇవ్వకండి. ఏ భాషలోనైనా లిమరిక్కులో మోటు సరసం, ఎత్తిపొడుపు చాలా ఉంటుంది. ముందు మీరు చదివి, ఏరి, తర్వాతే వినిపించండి.

ప్రశ్న: మా బాబు ఇంగ్లిషు మీడియం మూడో తరగతి. పుస్తకంలో ఇంగ్లిషు లిమరిక్కులు ఉన్నాయి. వాడు చదివితే పాఠంలా ఉంది. తెలుగులోకి మార్చి చెప్తే బాగుంటుందా? (ఒక తండ్రి, కర్నూలు)

జవాబు: మార్చకండి. లిమరిక్కులో కథ పావు వంతే, మిగతా అంతా చప్పుడు. అనువాదంలో మొదట పోయేది ఆ చప్పుడే. తర్వాత ‘ఒక ముసలాయన ఉండేవాడు, ఆయనకు గడ్డం ఉండేది’ అని చప్పగా మిగులుతుంది. ఇంగ్లిషుది ఇంగ్లిషులోనే వినిపించి, తెలుగుది వేరేగా కట్టుకోవడం మేలు.

బాబు చదువు పాఠంలా ఎందుకుందంటే, మనం తెలుగులో ప్రతి అక్షరాన్నీ దాని మాత్ర మేరకు నిండుగా పలుకుతాం. ఇంగ్లిషు లిమరిక్కు అట్లా నడవదు. పొడుగు పాదంలో మూడు చోట్ల గట్టిగా దెబ్బ పడుతుంది, మధ్యలో అక్షరాలు తేలిగ్గా జారిపోతాయి. మూడో దెబ్బ తర్వాత ఒక దెబ్బంత మౌనం. పొట్టి పాదంలో రెండు దెబ్బలే. అన్ని అక్షరాలనూ సమానంగా పలికితే దెబ్బలు కనపడకుండా పోతాయి.

ఒక పని చేయండి. పుస్తకంలో దెబ్బ పడే అక్షరాల కింద పెన్సిలుతో చుక్క పెట్టండి. ఒకటి, రెండు, ఐదు పాదాల్లో మూడేసి, మూడు నాలుగు పాదాల్లో రెండేసి. మొత్తం 13 చుక్కలు రావాలి. ఎక్కువ తక్కువలొస్తే మీరు ఏదో మాటను తప్పుగా నొక్కుతున్నారు. మొదటిసారి చుక్క ఉన్న అక్షరాలు మాత్రమే పలుకుతూ బల్ల మీద తట్టండి, మిగతావి ‘ఊఁ ఊఁ’ అని ముక్కుతో లాగించండి. రెండోసారి బాబు తట్టాలి, మీరు మాటలు చెప్పాలి. మూడోసారి అన్నీ బాబే. పొడుగు పాదం చివరి మౌనానికి గాల్లో చెయ్యి తెరిచి చూపించమనండి. ఆ ఖాళీ తెలియని పిల్లలు తర్వాతి పాదంలోకి తోసుకుపోతారు. తెలుగులో కట్టేటప్పుడు ఆ నాలుగో దెబ్బను ఖాళీగా వదలకుండా ప్రాస మాటతో నింపడం మన నోటికి బాగా కుదురుతుంది. ఇక్కడ ఇచ్చిన తెలుగు పద్యాలన్నీ అట్లా కట్టినవే.

చరిత్ర అడిగితే రెండు మాటలు చెప్పండి. ఎడ్వర్డ్ లియర్ అనే బొమ్మల చిత్రకారుడు 1846లో ఇలాంటి పద్యాల పుస్తకం తెచ్చాడు, ప్రతి పద్యానికీ బొమ్మ తనే వేశాడు. ఆయన వీటిని లిమరిక్కులు అనలేదు. లిమరిక్ అనేది ఐర్లండ్‌లో ఒక ఊరు, ఆ పేరు ఈ పద్యాలకు తర్వాత స్థిరపడింది. లియర్ తరచుగా మొదటి పాదం చివరి మాటనే ఐదో పాదంలోనూ పెట్టేవాడు. చిన్నపిల్లలకు అది సులువు, ఎందుకంటే రెండో పాదానికి ఒక్క ప్రాస మాట వెతుక్కుంటే చాలు. కాకపోతే వెనక్కి వచ్చిన మాట కొత్త అర్థం తేవాలి:

పులివెందులలో పులియే లేదు
నక్కను అడిగితె బదులే రాదు
గంపే ఖాళీ
నక్కే జాలీ
కోడిని అడిగితె కోడే లేదు!

మొదటి ‘లేదు’ మామూలు కబురు. చివరి ‘లేదు’ దగ్గరికి వచ్చేసరికి నక్క ఏం చేసిందో బాబుకే తెలిసిపోతుంది. ‘కోడి ఏమైంది?’ అని మీరు వివరించకండి, వాడే చెప్పాలి. బొమ్మ కూడా వేయించండి. ముందు బొమ్మ వేసి, దానికి పద్యం కట్టడం కొందరు పిల్లలకు ఇంకా బాగా వస్తుంది.

ప్రశ్న: తరగతిలో 40 మంది ఉంటారు. పీరియడ్‌లో దొరికేది అరగంట. అందరితో ఎట్లా చేయించాలి? (ఒక టీచరు, ఆదోని)

జవాబు: మొదటి ఐదు నిమిషాలు తెలిసిన పద్యం ఒకటి, చప్పట్లతో, తరగతంతా. ఎడమవైపు వరసలు పొడుగు పాదాలు, కుడివైపు వరసలు పొట్టి పాదాలు చెప్తే రెండు ప్రాసలు వేరని వివరించకుండానే తెలిసిపోతుంది.

తర్వాత ఎనిమిది నిమిషాలు ప్రాస బుట్ట. మాటలు బాగా దొరికే కుటుంబాలే తీసుకోండి. ట్టు: చెట్టు, జుట్టు, అట్టు, మెట్టు, బొట్టు, కొట్టు, గుట్టు. క్క: కుక్క, నక్క, ముక్క, చుక్క, పక్క, లెక్క, చెక్క. ల్లి: పిల్లి, బల్లి, తల్లి, చెల్లి, ఉల్లి. ండి: బండి, పిండి, తిండి, వెండి, మొండి. బోర్డు మీద ఐదు మాటలు చేరకపోతే ఆ కుటుంబాన్ని వదిలేయండి. పిల్లలకు ఇష్టమని నెమలి, ఏనుగు, తాబేలు పాదం చివర పెట్టి, తోడు మాట వెంటనే తట్టక చిక్కుకుపోతారు. అట్లాంటివి పాదం మొదట్లో పెట్టించండి. కింది పద్యంలో ఏనుగు కూర్చున్నది అక్కడే:

ధర్మవరంలో చీరల కొట్టు
ఏనుగు అడిగెను ఎర్రని పట్టు
మూరలు నూరు
బేరం జోరు
కొంగే లేదని చేసెను బెట్టు

మిగిలిన సమయంలో పన్నెండు నిమిషాలు జట్లకు. ఐదుగురు చొప్పున 8 జట్లు, జట్టుకు ఐదు చీటీలు. పాత పెళ్లి పత్రికల వెనకవైపు కత్తిరిస్తే మందంగా, బాగా ఉంటాయి. ఒక్కో చీటీ మీద ఒక్కో పాదం. చీటీలైతే పాదాన్ని తీసి మార్చడం తేలిక, నోటు పుస్తకంలో కొట్టివేతలు చూసి పిల్లలు జంకుతారు.

రాసే వరస ముఖ్యం. మొదటి పాదం అయ్యాక రెండో పాదానికి పోనివ్వకండి, ఐదో పాదం రాయించండి. బుట్టలోని మంచి మాటను రెండో పాదంలోనే ఖర్చు చేసేసి, చివరికి పనికిరాని మాటతో ముగించడం వల్లే సగం పద్యాలు నీరసంగా తేలతాయి. చీరల పద్యంలో ‘బెట్టు’ను రెండో పాదానికి వాడేసి ఉంటే ఆఖర్న ఏనుగు చేసేదేమీ ఉండేది కాదు. ఐదు, తర్వాత రెండు, చివరగా మూడు, నాలుగు. పొట్టి పాదాలకు రెండేసి మాటలు చాలు కాబట్టి రాయడంలో వెనకబడిన పిల్లలకు అవి ఇవ్వండి. వాళ్లు రాసిందే పద్యాన్ని పరుగెత్తిస్తుంది, ఆ సంగతి వాళ్లకు చెప్పండి కూడా.

చివరి ఐదు నిమిషాల్లో 8 జట్లూ చదవలేవు. మూడు చదివించి, మిగతావి మర్నాటి నుంచి ప్రార్థన తర్వాత రోజుకొకటి చెప్పించండి.

ప్రశ్న: పిల్లలు తోటి పిల్లవాడి పేరు పెట్టి, లావుగా ఉన్నాడని పద్యం కట్టి ఏడిపించారు. ఇక ఈ ఆట మానేయాలా? (ఒక తల్లి, ప్రొద్దుటూరు)

జవాబు: మానేయక్కర్లేదు, హద్దు పెట్టాలి. ప్రాస కలిసిన వెక్కిరింత మామూలు వెక్కిరింత కన్నా ఎక్కువ కాలం నోళ్లలో ఉంటుంది, ఆ పిల్లవాడికి నొప్పి కూడా అంతకాలం ఉంటుంది. కాబట్టి మొదటి రోజే చెప్పండి: తరగతిలో, వీధిలో, చుట్టాల్లో ఉన్న పేరు రాయకూడదు. రంగు, బరువు, కులం, అవిటితనం మీద రాయకూడదు. జంతువులు, కూరగాయలు, సామాన్లు, లేని తాతలు ఎంతమందైనా రావచ్చు. ఇప్పటికే పాకిపోయిన పద్యాన్ని తిట్టి ఆపలేరు. అవే ప్రాసలతో ఆ పిల్లవాడి పేరు తీసేసి గుమ్మడికాయ మీద ఇంకా మంచిది కట్టించండి. ఆ పిల్లవాడికి ఇష్టమైతే ఐదో పాదం తననే చెప్పనివ్వండి.

ప్రశ్న: మా వాడికి నత్తి. నలుగురిలో నోరు విప్పడు. వాడికి ఇది పనికొస్తుందా? (ఒక తండ్రి, గుంతకల్లు)

జవాబు: అందరితో కలిసి ఒకే లయలో పలికేటప్పుడు నత్తి ఉన్న పిల్లల్లో చాలామందికి మాట సాఫీగా వస్తుంది. ఇది చికిత్స కాదు, నత్తికి స్పీచ్ థెరపిస్టును కలవాల్సిందే. కానీ ఆ రెండు నిమిషాల హాయి కూడా పిల్లవాడికి విలువైనదే. గుంపులో చెప్పనివ్వండి, ఒంటరిగా నిలబెట్టి చెప్పించకండి. చివరి మాట దగ్గర ఆపి అందుకోమనే ఆట వీడితో ఒద్దు, అందరి చూపులూ తన మీదే ఉండటం భారం అవుతుంది. తాళం వేసే పని వాడికి అప్పగించండి. పళ్లెం, గరిటె చాలు.

ప్రశ్న: మా ఇంట్లో ‘యాడికి’, ‘బుడ్డలు’, ‘సంగటి’ అంటాం. పాప కూడా పద్యంలో అవే రాస్తే, పుస్తకం మాటలు రాయమని బడిలో దిద్దారు. ఏది సరి? (ఒక తల్లి, తాడిపత్రి)

జవాబు: పాప రాసిందే సరి. పరీక్షలో వ్యాసం రాసేటప్పుడు పుస్తకం మాట నేర్చుకోవాలి, అది వేరే పని. లిమరిక్కు నోటి కోసం పుట్టింది, నోటికి అలవాటైన మాటే అందులో నిలబడుతుంది.

లెక్క చూసినా అంతే. ‘ఎక్కడికి’ 5 మాత్రలు, ‘యాడికి’ 4. ‘వెళ్లావు’ 5, ‘పోతివి’ 4. ‘వేరుశనగలు’ 7, ‘బుడ్డలు’ 4. సంగటి, ఓళిగ, బొరుగులు అన్నీ నాలుగే. మన వంటింటి మాటలు చప్పట్టుకు కొలిచి చేసినట్టు ఉంటాయి. దిద్దినప్పుడు పాదం పొడుగై నడక కుంటుతుంది, పాపకు మాత్రం తన మాటే తప్పని అనిపిస్తుంది.

ఊళ్ల పేర్లకూ ఇదే కొలత వేయించండి. ‘ధర్మవ / రంలో’, ‘పులివెం / దులలో’, ‘జమ్మల / మడుగున’ సరిగ్గా నాలుగూ నాలుగు. ‘తాడి / పత్రి’, ‘రాయ / చోటి’, ‘మైదు / కూరు’, ‘ఒంటి / మిట్ట’ మూడూ మూడు. మీ ఊరి పేరుతో మొదలుపెడితే పద్యమంతా తకిట నడకలోనే పోవాలి. మొదటి పాదం మూడుతో మొదలై, రెండో పాదం నాలుగులోకి జారితే పిల్లలకు ఎక్కడ చెడిందో తెలియదు, ‘బాలేదు’ అని చించేస్తారు. ‘కడప’ 3, ‘కడపకు’ 4. ఒక ‘కు’ చేర్చి నడక మార్చుకోవచ్చు. ఇది కనిపెట్టిన రోజు పిల్లలు ఊళ్ల పేర్లన్నీ వరసపెట్టి చప్పట్లు కొడతారు, కొట్టనివ్వండి.

మీకు దగ్గరలోనే యాడికి అనే ఊరుంది కదా. ఆ పేరు మీ మాటలో ఎంత నవ్వు దాచుకుందో పాపకు ఇట్లా చూపించండి:

యాడికి పోతివి అన్నది అవ్వ
యాడికి పోతిని అన్నది గువ్వ
ఊరే పేరు
ఇద్దరి పోరు
చల్లగ అయ్యెను చట్టిలొ బువ్వ

దీన్ని ‘ఎక్కడికి వెళ్లావు’ అని దిద్దితే రెండో పాదానికి అర్థమే ఉండదు. పాప టీచరుగారికి ఈ పద్యం చప్పట్లతో చెప్పించి, తర్వాత దిద్దిన పాదంతోనూ ఒకసారి చెప్పించండి. నడక ఎక్కడ విరిగిందో ఆవిడకూ వినపడుతుంది.